బల్ల దగ్గర ఆగిన చెయ్యి

పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పడానికి ఆదివారపు బడి ఉంది, టీచరమ్మ ఉంది, బొమ్మల కార్డులున్నాయి. మీసాలొచ్చినవాళ్లకు, మనవలనెత్తుకున్నవాళ్లకు ఎవరు చెబుతారు? తమకన్నీ తెలుసనుకుంటారు వాళ్లు. అందుకే ఈ సంగతి పెద్దవాళ్ల కోసం రాస్తున్నాను. నేను చదివింది తక్కువే, అక్షరాలు వంకరగా వస్తాయి, కానీ చూసింది ఒక్కటీ మరిచిపోను. ఇందులో రక్తం ఉంది, ముందే చెబుతున్నాను. మా గడప ముందు పారింది ఉంది, నా నుదుటి మీంచి కారింది కూడా ఉంది.

మాది అశోక్‌నగర్, లైబ్రరీ వెనక సందు. కింద టెంట్ హౌస్, పైన ఇల్లు. షామియానాలు, కుర్చీలు, వంట డేగిసాలు, పెళ్లికైనా చావుకైనా ఈ చుట్టుపక్కలకు మా దగ్గర్నించే పోతాయి. మా ఆయన పెట్టిన దుకాణం. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక మా అబ్బాయి రాజారత్నం చూసుకుంటున్నాడు. నారాయణగూడలో మేము వెళ్లే చర్చిలో రాజారత్నం సంఘ పెద్ద కూడా. తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుంటాడు. వాడి కొడుకు అవినాష్. వాడు పాలు మరవకముందే నా కోడలు పోయింది. అప్పట్నుంచి నా కొంగు పట్టుకునే పెరిగాడు. ఇప్పుడు చర్చిలో పాటలవాళ్లతో నిలబడి పాడుతుంటే వెనక బెంచీలో ఆడపిల్లలు పుస్తకం తిరగేసి పట్టుకున్న సంగతి కూడా చూసుకోరు. కోపం మాత్రం వాళ్ల తాతది.

దుకాణంలో ఇంకో మనిషి ఈదయ్య. మా ఆయన ఉన్నప్పుడే మెదక్ దిక్కునుంచి పనికి వచ్చాడు. మా చర్చిలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పుడు పాస్టరు గారు కొత్త పేరు పెడతానంటే, "మా అయ్య పెట్టిన పేరు, అయ్యగారూ. ఈదయ్య అంటే ప్రభువుకు సమజ్ గాదా ఏంది?" అన్నాడు. నీళ్ల తొట్టి చుట్టూ నిలబడ్డవాళ్లందరం నవ్వాం. చిన్నప్పుడు అవినాష్‌ను భుజాల మీద కూర్చోబెట్టుకుని చిక్కడపల్లి మార్కెట్టంతా తిప్పింది ఈదయ్యే. వాడికి తాడు ముడి వెయ్యడం, గుంజ నిలబెట్టడం నేర్పిందీ అతనే.

మా పక్క షట్టరు కృష్ణయ్యది, కర్రీ పాయింట్. మా సందులో ఏ మేడ చూసినా హాస్టలే. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలు సాయంత్రమయ్యేసరికి కృష్ణయ్య ముందు వరస కడతారు. మంచివాడే, నోరు పెద్దది. అతనికీ మాకూ ఒకటే పేచీ, మా ట్రాలీ. సామాను దించేటప్పుడు అది అతని కొట్టు ముందు నిలబడుతుంది.

ఆ సాయంత్రం నేను ఇంట్లో లేను. చర్చిలో స్త్రీల సమాజం కూడిక ఉంటే వెళ్లాను. ఏం జరిగిందో నాకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. మీకు మాత్రం జరిగింది జరిగినట్టే వరసగా చెబుతాను.

అవినాష్ ట్రాలీ ఆపి గుంజలు దించుతున్నాడు. ఈదయ్య పైన షామియానాల మీద నిలబడి అందిస్తున్నాడు. కృష్ణయ్య గరిటె పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఏయ్ అవినాషూ, బండి జర ముంగటికి జరుపు. గిరాకీ ఎట్ల రావాలె? నీ షామియానా మీదికెంచి దుంకి రావాల్నా?"

"ఐదు నిమిషాలన్నా. గుంజలు దించి తీసేస్త."

"నీ ఐదు నిమిషాలు మధ్యాహ్నం సంది నడుస్తున్నయ్. మీ నాయినను పిలవాల్నా?"

"పిలుచుకో పో."

"అబ్బో! తల్లి లేక పెరిగినోనికి మాట ఎట్ల మాట్లాడాల్నో ఎవలు నేర్పుతరులే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాడు. అవినాష్ చేతిలో అప్పుడు టెంటు మేకు ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు, షామియానా తాళ్లు కట్టడానికి రోడ్డులో దిగ్గొట్టే ఇనుప మేకు. మోచెయ్యి పొడుగుంటుంది, చంటిపిల్లంత బరువుంటుంది. దాంతో కృష్ణయ్య తలమీద కొట్టాడు.

తల పగిలితే కొబ్బరికాయ కొట్టినట్టు వినిపిస్తుందంటారు కదా, అలా అనేవాళ్లు ఎప్పుడూ వినలేదన్నమాట. తడి దుప్పటి బండకేసి బాదినట్టు వినిపించిందట. కృష్ణయ్య వెనక్కి తూలి సాంబారు డేగిసా మీద పడ్డాడు. అది బోర్లపడి, కాగే సాంబారు మెడ మీదా భుజం మీదా ఒలికిపోయింది. అరవడానికి కూడా నోరు లేవలేదు అతనికి. అవినాష్ మళ్లీ చెయ్యెత్తాడు. అప్పుడు ఈదయ్య ట్రాలీ మీంచి దూకి, వాడి మణికట్టు మెలిపెట్టి మేకు లాక్కున్నాడు.

"చాల్ బిడ్డా! సచ్చిపోతడు!"

లోపల వంటింట్లోంచి కృష్ణయ్య తమ్ముడు ఏడుకొండలు పరుగెత్తుకొచ్చాడు. అన్న నేలమీద ఉన్నాడు. మేకు ఈదయ్య చేతిలో ఉంది. మేకు మీద వెంట్రుకలున్నాయి.

"ఎవడు? ఎవడ్రా కొట్టింది?"

ఈదయ్య నోరు తెరిచేలోపు అవినాష్ వేలు లేచింది. ఈదయ్య వైపు లేచింది. నోటితో ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పుకున్నాడో, "నేనేమన్లేదు నానమ్మా, ఉట్టిగ వేలు లేసింది" అని. ఎవరూ నేర్పకుండా, ఎవరూ అడగకుండా, తనంతట తాను లేచింది ఆ వేలు. భయం అంత తొందరగా పని చేస్తుంది.

ఇంక చూడండి. వరసలో నిలబడ్డ పిల్లలు, పాన్ డబ్బా దగ్గరివాళ్లు, బండి ఆపుకుని చూడ్డానికి వచ్చినవాళ్లు, అందరూ ఈదయ్య మీద పడ్డారు. ట్రాలీ అడ్డం ఉండి, మొదటి దెబ్బ ఎవరిదో వాళ్లలో ఒక్కరూ చూడలేదు. చూడకపోతే ఆగాలి కదా? ఆగలేదు. మా గుంజలే తీసుకుని కొట్టారు. చెప్పుతో కొట్టినవాళ్లున్నారు, హెల్మెట్‌తో కొట్టినవాళ్లున్నారు. కడుపులో తన్నితే ముడుచుకుపోయాడు, ముడుచుకుంటే వీపు మీద తొక్కారు. "నేను గాదయ్యా, నేను గాదు" అన్నాడట. ఎవరో నోటిమీద తన్నారు, ముందు పళ్లు రెండూ రోడ్డుమీద పడ్డాయి. ఏడుకొండలు మా దుకాణంలోంచి సమ్మెట తీసుకొచ్చాడు. ఈదయ్య కుడిచెయ్యి లాగి అరుగు మీద పరిచి, "ఈ చెయ్యేనారా?" అని దించాడు. మళ్లీ దించాడు. మేకులు కొట్టే సమ్మెట అది. వేళ్లు వేళ్లలాగ మిగల్లేదు.

అవినాష్ ట్రాలీ చక్రం దగ్గర నిలబడి చూశాడు.

నేను ఆటో దిగేసరికి పోలీసులు వచ్చి ఉన్నారు. దిగీ దిగగానే కాలు జారింది. కిందికి చూస్తే సాంబారు, రక్తం కలిసి మోరీ దాకా పారుతున్నాయి. మునక్కాయ ముక్కలు తేలుతున్నాయి అందులో. ఆ రోజు నుంచి నేను మునక్కాయ తినలేదు.

కృష్ణయ్య బతికాడు. ఒక కన్ను పోయింది. మెడ మీద తోలు మైనంలాగ కరిగి అంటుకుపోయింది. తెలివొచ్చాక ఆ సాయంత్రం సంగతి ఒక్క ముక్క గుర్తులేదన్నాడు. ఎదురు మేడకున్న కెమెరాలో చూస్తే ట్రాలీ మీది షామియానా గుట్టలే కనబడ్డాయట. ఇంక సాక్షి ఎవరంటే అవినాషే. పోలీసులు అడిగితే, ఈదయ్యే కొట్టాడని ఈసారి నోటితో చెప్పాడు. ఈదయ్య ఆస్పత్రి మంచం దగ్గర కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టారు. కట్లు కట్టాక జైలుకు తీసుకుపోయారు.

ఈదయ్య పెళ్లాం నర్మద ముషీరాబాద్ నుంచి మా ఇంటికి వచ్చింది. మెట్ల మీదే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"సారూ, మీ ఇంట్ల ఇన్నేండ్లు జేసిండు. ఎవ్వల మీదన్న చెయ్యి లేపిండా?"

రాజారత్నం కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నాడు: "కోపం ఎవరికన్న వస్తది నర్మదా. వకీలును నేనే పెడుత. నువ్వు పరేషాన్ గాకు."

"నాకు వకీలొద్దు. అవినాషూ, నువ్వు జెప్పు బిడ్డా, నువ్వు ఆడనే ఉన్నవ్ గద. ఆయననడిగితే 'ఆ పిలగాన్ని అడుగు' అంటుండు. మల్ల ఏం మాట్లాడుతలేడు. ఏమడగాలె నిన్ను?"

అవినాష్ లేచి స్నానాలగదిలోకి వెళ్లి నల్లా తిప్పాడు. నర్మద చాలాసేపు ఆ నీళ్ల చప్పుడు వింటూ నిలబడింది. తర్వాత దిగి వెళ్లిపోయింది. అప్పటికీ నాకు అనుమానం రాలేదు. పిల్లవాడు రక్తం చూసి బెదిరిపోయాడనుకున్నాను. అన్నం తినకపోతే దిష్టి తగిలిందని కూడా అనబోయాను, చర్చి మనిషినని గుర్తొచ్చి ఊరుకున్నాను.

తర్వాతి నెల మొదటి ఆదివారం వచ్చింది.

మా చర్చి సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, ప్రభువు శరీరానికీ రక్తానికీ గుర్తుగా తీసుకుంటాం. ముందు రొట్టె ముక్కలు వస్తాయి, తర్వాత చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పళ్లెంలో పెట్టుకుని సంఘ పెద్దలు బెంచీ బెంచీకి తెస్తారు. చివర కూర్చున్న మనిషి పళ్లెం అందుకుని, తను ఒకటి తీసుకుని పక్క మనిషికి ఇవ్వాలి. అంతకుముందే పాస్టరు గారు ప్రతిసారీ చెబుతారు: ఎవరి మనసులోనైనా దాచిన పాపం ఉంటే, సహోదరుడితో సమాధానపడనిది ఉంటే, ముట్టుకోకండి, అది మీకే శిక్ష. చెప్పి కాసేపు ఆగుతారు. ఆ కాసేపూ దగ్గులు కూడా వినిపించవు. తీసుకోకూడదని ఉన్నవాళ్లు సాధారణంగా ఆ రోజు చర్చికే రారు, జ్వరమంటారు. వచ్చి కూర్చుని, పళ్లెం చేతిలో పట్టుకుని, తీసుకోకుండా పక్కకు ఇవ్వడం నా ఎరుకలో ఎవరూ చెయ్యలేదు. చేస్తే సంఘమంతా చూస్తుంది మరి.

పాటలవాళ్ల బెంచీకి పళ్లెం తెచ్చింది రాజారత్నమే. తండ్రి చేతిలోంచి కొడుకు అందుకున్నాడు. నేను ఆడవాళ్ల వైపు, సరిగ్గా ఎదురుగా ఉన్నాను. అవినాష్ చెయ్యి గ్లాసు దాకా వెళ్లి ఆగిపోయింది. పళ్లెంలో గ్లాసులన్నీ ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. అంత పెద్ద చర్చిలో అదొక్కటే చప్పుడు. రాజారత్నం వంగి కొడుకు చెవిలో ఏదో అన్నాడు. అవినాష్ తల అడ్డంగా ఊపాడు. పళ్లెం పక్కవాడికి ఇచ్చేశాడు.

పోలీసులను మోసం చేశాడు, నర్మదను మోసం చేశాడు, అన్నం పెట్టే నన్నూ మోసం చేశాడు. వేలెడంత గ్లాసును మోసం చెయ్యలేకపోయాడు.

బయట మెట్ల దగ్గర అందరూ అడుగుతున్నారు. "పిల్లగానికి గ్యాస్ట్రిక్" అంటున్నాడు రాజారత్నం, చేతులు కలుపుతూ, నవ్వుతూ. ముగ్గురం కారెక్కాం. నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ ఎంత దూరం? ఆ రోజు ఎంతకీ రాలేదు.

ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పకుండా అవినాష్‌ను కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఏమైంది రా?"

"నేనే కొట్టిన నానమ్మా." అంతే అన్నాడు. తర్వాత మిగతాదంతా చెప్పాడు, నేను పైన రాసిందంతా. నా ముఖం చూడకుండా, గోడకున్న గడియారానికి చెబుతున్నట్టు చెప్పాడు.

నేను ఏమైనా అనేలోపు రాజారత్నం గదిలోంచి వచ్చాడు.

"మూసుకొమ్మన్ననా లేదా? ఆ రోజే చెప్పిననా లేదా?"

అప్పుడు అర్థమైంది నాకు. తండ్రికి మొదటి రోజు నుంచే తెలుసు.

వాడు నడుముకున్న బెల్టు లాగాడు. ఇరవై ఏడేళ్ల కొడుకును, మీసాలొచ్చిన కొడుకును, పశువును కొట్టినట్టు కొట్టాడు. బెల్టు కొక్కెం పెదవి చీల్చింది. అవినాష్ కిందపడితే జుట్టు పట్టి లేపి గోడకేసి కొట్టాడు. గోడమీది కేలండర్ ఊడి పడింది. "నిన్ను జైలుకు పంపనీకి పెంచిన్నా? నా ఇజ్జత్ బజార్ల పెడ్తవా? చెప్తవా? ఇంకెవరికన్న చెప్తవా?" ఒక్కో ప్రశ్నకు ఒక్కో దెబ్బ. మనిషి తల పగలగొట్టినందుకు ఆ పిల్లవాణ్ని ఒక్క దెబ్బ కొట్టని తండ్రి, నిజం చెప్పినందుకు చంపబోయాడు.

నేను మధ్యలోకి వెళ్లాను. నన్నని కాదు, ఎవరడ్డమొచ్చినా తోసేవాడే. తోశాడు. ఇనుప బీరువా అంచు నుదుటికి తగిలింది. వెచ్చగా కంటిలోకి కారితే గాని రక్తమని తెలియలేదు.

అది చూసి వాడి చెయ్యి ఆగింది. "అమ్మా..." అన్నాడు.

"బల్ల పళ్లెం పట్టుకొని తిరిగినవ్ గద రా రాజారత్నం. తెలిసే తిరిగినవా?"

"నా కొడుకు కోసం, అమ్మా. నా ఒక్క కొడుకు."

"నీ కొడుకు తాగలే. నువ్వు తాగినవ్."

బెల్టు అక్కడే పడేసి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. లోపల్నించి వాడి ఏడుపు వినిపించింది. నేను కన్నవాడే కదా, లేచి వెళ్లాలనిపించింది. వెళ్లలేదు.

అవినాష్ తన ఆదివారపు చొక్కా విప్పి నా నుదుటికి అదిమి పట్టాడు. వాడి పెదవి రక్తం నా ఒళ్లో పడుతోంది.

"నానమ్మా, నేను పోయి చెప్తె ఏమైతది?"

అబద్ధం చెప్పి ఓదార్చే వేళ కాదు అది. "కొడ్తరు. జైల్ల ఏస్తరు. పిల్లనెవరియ్యరు. సందులకెల్లి నడుస్తుంటె ఏళ్లు సూపిస్తరు."

"చెప్పకపోతే?"

"ఏంగాదు. పొద్దున లేస్తవ్, షట్టరు లేపుతవ్, మేకులు ట్రాలీల ఏసుకుంటవ్."

"అదే అయితలేదు నానమ్మా. మేకు ముట్టుకుంటే ఈదన్న చెయ్యి కనవడుతుంది" అన్నాడు. లేచాడు.

పోలీసుల దగ్గరికే వెళతాడనుకున్నాను. ముందు పక్క షట్టరు దగ్గరికి వెళ్లాడు. కర్రీ పాయింట్ మూసి చాలా రోజులైంది. ఆ పూట ఏడుకొండలు మళ్లీ తెరవడానికి డేగిసాలు తోముకుంటున్నాడు. నేను కొంగు నుదుటికి అదుముకుని మెట్ల మీద కూర్చున్నాను. దిగే ఓపిక లేదు.

"ఏడుకొండలన్నా, కృష్ణన్నను కొట్టింది నేను. ఈదయ్య గాదు. ఈదయ్య నన్ను ఆపిండు."

ఏడుకొండలుకు మొదట బుర్రకెక్కలేదు. "ఏందీ?" అన్నాడు.

అవినాష్ మళ్లీ చెప్పాడు. చెప్పి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

ఏడుకొండలు పక్కనున్న ఇనుప గరిటె అందుకున్నాడు. పెళ్లి వంటల్లో పులుసు కలిపేది, పార అంత ఉంటుంది. మొదటి దెబ్బ భుజం మీద. ఎముక విరిగిన చప్పుడు మెట్ల మీదికి వినిపించింది. రెండోది మోకాలి మీద. అవినాష్ కూలబడ్డాడు గాని చేతులు ముందుకు తేలేదు. "మా అన్న కన్ను! మా అన్న కన్నురా!" అని ఏడుస్తూ కొడుతున్నాడు. చెవి చీలింది. నేను అరుస్తున్నాను, ఆపండయ్యా అని. హాస్టలు కిటికీల్లో తలలు లేచాయి, ఫోన్లు లేచాయి, ఒక్కరూ దిగి రాలేదు. తల్లి లేని పిల్లవాణ్ని ఇందుకా పెంచాను అని ఒక క్షణం అనిపించింది. అబద్ధమెందుకు, అనిపించింది.

అప్పుడు గరిటె గాలిలోనే ఆగింది. ఏడుకొండలు తన చేతిలోని గరిటెను చూశాడు. తర్వాత పక్కనున్న అరుగును చూశాడు.

"అయితే... నేనెవల చెయ్యి ఇరగ్గొట్టిన?"

గరిటె జారి డేగిసాలో పడింది, ఆ మోత సందంతా మోగింది. అతను ఆ తోమిన డేగిసాల మధ్యే కూలబడి రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు.

అవినాష్ లేచాడు. కుంటుకుంటూ సందు చివరికి నడిచాడు. ఆటోవాళ్లు ఆ రక్తం చూసి ఎక్కించుకోలేదట. పోలీస్ స్టేషన్ దాకా నడిచే వెళ్లాడు.

నిజం చెప్పాడు కాబట్టి అంతా మంచే జరిగిందని రాస్తే నేనూ అబద్ధమాడినట్టే. వాడిని జైలుకు తీసుకుపోయారు. ఈదయ్య బయటికొచ్చాడు. చేతికి మళ్లీ ఆపరేషన్ చేశారు. వేళ్లు అతుక్కున్నాయిగాని కదలలేదు, మైనంతో చేసిన చెయ్యిలాగ ఉండిపోయింది. ఆలస్యం కాకుండా సరైన వైద్యం జరిగి ఉంటే ఇంకా నయమయ్యేదన్నాడు డాక్టరు. ఆలస్యం ఎవరిది? అవినాష్ నల్లా తిప్పుకుని కూర్చున్న రోజులవి. ఏడుకొండలు రోజూ ఈదయ్య ఇంటికి కూర క్యారేజీ పంపుతాడు. నర్మద రోజూ దాన్ని మోరీలో పారబోస్తుంది. అయినా మర్నాడు మళ్లీ పంపుతాడు. రాజారత్నం సంఘ పెద్దగా తప్పుకున్నాడు. ఆదివారాలు చర్చికి రాకుండా సగం దించిన షట్టరు లోపల కూర్చుంటాడు. నాతో మాట్లాడడు. కానీ నా బీపీ మాత్రలు అయిపోయాయని నేను చెప్పకముందే తెచ్చి పెడతాడు.

కొన్ని నెలలకు అవినాష్ జామీను మీద వచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది. జడ్జి ముందు కూడా కొట్టింది నేనేనంటాడట, వకీలు తల పట్టుకుంటున్నాడు. వచ్చాక మొదటి ఆదివారం బల్ల ఆదివారమే అయింది. పాటలవాళ్ల బెంచీకి వెళ్లలేదు. చిట్టచివరి బెంచీకి వెళ్లాడు. అక్కడ ఈదయ్య కూర్చుని ఉన్నాడు, ఎప్పుడూ కూర్చునే చోటే. చుట్టూ ఉన్నవాళ్లు సర్దుకుని దూరం జరిగారు. అవినాష్ ఈదయ్య పక్కన కూర్చున్నాడు. ఈదయ్య తల తిప్పలేదు. నాకిప్పుడు మోకాళ్లు లేవక వెనకే కూర్చుంటున్నాను, నడవ దాటితే వాళ్లే.

పళ్లెం వచ్చింది. అవినాష్ అందుకున్నాడు. తను తీసుకోలేదు. ఈదయ్యకు ఇవ్వబోయి ఆగాడు. ఒక చేత్తో పళ్లెం పట్టుకుంటే ఇంకో చేత్తో గ్లాసు తీసుకోవాలి కదా. ఈదయ్యకు పనిచేసేది ఒక్కటే చెయ్యి. అప్పుడు అవినాష్ బెంచీ దిగి నేలమీద మోకాళ్లూని, రెండు చేతులతో పళ్లెం ఈదయ్య ముందు పట్టుకున్నాడు. ఈదయ్య ఎడమచేత్తో గ్లాసు తీసుకున్నాడు. తాగాడు. ఖాళీ గ్లాసు మళ్లీ పళ్లెంలో పెట్టాడు. అప్పుడు మొదటిసారి వాడి ముఖం చూశాడు.

"నువ్వు ఇయ్యాల తాగకు."

"తాగనన్నా."

"ఎన్నడు తాగొద్దని జెప్తలేను. నా కడుపుల ఇంక మండుతనే ఉంది. ఆరలే. అబద్ధం జెప్పి నీకు గిలాస ఎట్ల ఇయ్యాలె నేను?"

"వద్దన్నా. ఆరినప్పుడే ఇయ్యి."

"ఆరకుంటే?"

"పళ్లెం పట్టుకుంట."

ముందు బెంచీలవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు. పాస్టరు గారు పాట ఎత్తుకోవడం మరిచిపోయారు. క్షమించేశాను బిడ్డా అని ఈదయ్య కౌగిలించుకుంటే అందరం ఏడ్చి, ఇంటికెళ్లి బిర్యానీ తినేవాళ్లం. అతను అలా చెయ్యలేదు. లోపల లేనిది పైకి అనలేదు. ఆ రోజు ఆ చర్చిలో నిజం చెప్పింది వాళ్లిద్దరేనని నాకనిపించింది.

అప్పట్నుంచి ప్రతి నెలా అంతే. అవినాష్ మోకాళ్ల మీద పళ్లెం పట్టుకుంటాడు, ఈదయ్య తీసుకుంటాడు, అవినాష్ తీసుకోడు.

రోజూ పొద్దున్నే అవినాష్ ముషీరాబాద్ వెళతాడు. నేను కాచి ఇచ్చిన నువ్వుల నూనె సీసా పట్టుకుని వెళతాడు. మొదట్లో నర్మద తలుపు తియ్యలేదు. గడప బయటే కూర్చుని వచ్చేవాడు. ఒకరోజు వాన పడుతుంటే తీసింది. ఇప్పుడు ఈదయ్య చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలూ నూనెతో రుద్దుతాడు. డాక్టరు చెప్పిన కసరత్తు చేయిస్తాడు. మొదట దూదిని పట్టుకోమన్నారు, తర్వాత బంతిని. ఇప్పుడు బరువు పట్టుకోమంటున్నారు. బరువేదని అడిగితే ఈదయ్యే చెప్పాడు, టెంటు మేకు తెమ్మని. కృష్ణయ్యను కొట్టిన మేకు పోలీసుల దగ్గరుంది. ఇది దాని జోడు.

నిన్న నేనూ ఆటో కట్టించుకుని చూడ్డానికి వెళ్లాను. అవినాష్ ఆ మేకును ఈదయ్య అరచేతిలో పెట్టి వేళ్లు ఒక్కొక్కటే దాని చుట్టూ మడిచాడు. వదిలాడు. మేకు కాసేపు నిలిచింది. ఈదయ్య పళ్లు బిగించాడు, చెమట్లు కారుతున్నాయి. తర్వాత వేళ్లు విడిపోయి మేకు బండమీద ఠంగున పడింది. పొయ్యి దగ్గర నర్మద ఉలిక్కిపడింది.

"మల్ల పెట్టు" అన్నాడు ఈదయ్య.

అవినాష్ వంగి మేకు తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు.